దివిసీమ ఉప్పెన (1977)

బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుఫాను 1977 నవంబరు 19, శనివారం నాడు ఆంధ్ర తీరాన్ని తాకినప్పుడు కృష్ణా డెల్టా మీదికి సముద్రం పొంగింది. దీనినే దివిసీమ ఉప్పెన అంటారు. తుఫాను తీరం దాటిన చోటు చీరాల సమీపమని కొందరు, నిజాంపట్నం దగ్గరని మరికొందరు రాశారు. చీరాల వైపే ఎక్కువ ఆధారాలున్నాయి. అయినా ప్రాణనష్టం దానికి తూర్పున ఉన్న దివిసీమలో ఎక్కువ. తుఫాను కంటికి కుడి పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, నీటిని తోసుకొస్తుంది. తీరం పల్లం, సముద్రపు అడుగు లోతు తక్కువ. పోటు 5 మీటర్లకు పైగా లేచిందని అంచనా. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి ఈ దెబ్బకు గురైన ఊళ్లు.

మృతులు సుమారు 10,000 మంది అన్నది అధికారిక లెక్క. 14,000 అని, 50,000 వరకూ అని కూడా రాసినవారున్నారు. చాలా శవాలు సముద్రంలోకి కొట్టుకుపోయాయి, దొరికినవాటిని గుట్టలుగా ఖననం, దహనం చేశారు. కనుక అధికారిక సంఖ్యను కనీస లెక్కగా తీసుకోవడమే సబబు. 50,000కు మాత్రం గట్టి ఆధారం కనబడదు.

తుఫాను వస్తున్నట్టు వాతావరణ శాఖకు తెలియకపోలేదు. కానీ ఆ కబురు లంకల్లోని పాకలదాకా చేరడం వేరే సంగతి. చేరినా, ఎక్కి నిలబడటానికి మెరక లేదు, మేడ లేదు. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో 11వ నంబరుకు అర్థం, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఆ రోజుల్లో తీరపు పల్లెల్లో చాలావాటికి తెగడానికి అసలు సంబంధమే లేదు.

నీరు తీశాక మిగిలిన పెద్ద చిక్కు ఉప్పు. తాగునీటి చెరువులు ఉప్పుబారాయి. వాటిని తోడి, బురద తీసి, మంచినీటితో నింపితే తప్ప వాడుకకు రావు. పొలాల్లో చౌడు పోవాలన్నా అదే దారి: కాలువ నీరు నిలగట్టి, మురుగు కాలువల్లోకి వదలడం, మళ్లీ పెట్టడం.

తర్వాతి ఏళ్లలో తీరం వెంట తుఫాను రక్షణ కేంద్రాలు కట్టారు. సాధారణ నమూనాలో స్తంభాల మీద కాంక్రీటు భవనం ఉంటుంది, కింద గోడలు ఉండవు, పోటు నీరు అడుగునుంచి పారిపోతుంది. జనం పై అంతస్తులో ఉంటారు. మామూలు రోజుల్లో చాలాచోట్ల అక్కడే బడి నడిచేది. గాలి ఉద్ధృతిని తగ్గించడానికి సరుగుడు తోటలు పెంచారు. మడ అడవులను కాపాడటం మీద శ్రద్ధ మాత్రం ఆలస్యంగా మొదలైంది.

1990 మే 9న ఇంచుమించు అంతే బలమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. మృతుల సంఖ్య వెయ్యికి లోపే. ఇది రక్షణ కేంద్రాల చలవేనని తరచు రాస్తుంటారు గానీ, ఉపగ్రహం ద్వారా తీరానికి నేరుగా అందిన హెచ్చరికలకు, లక్షలమందిని ముందే తరలించడానికి ఇందులో పెద్ద వాటా ఇవ్వాలి.