సమోవా యాత్రికులు ముందుగా తెలుసుకోదగిన చరిత్ర

దూరదేశాలకు బయలుదేరేవారికి పెద్దలు చెప్పే సలహాలు సాధారణంగా బస, భోజనం, డబ్బు మార్పిడి దగ్గరే ఆగిపోతాయి. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవాకు వెళ్ళేవారికి అవి చాలవు. అక్కడి తేదీకీ, రహదారికీ, సాయంకాలపు నిశ్శబ్దానికీ చరిత్ర ఉంది. అది తెలియని అతిథి అడుగడుగునా తడబడక తప్పదు.

ముందుగా తేదీ సంగతి. 1892లో అమెరికన్ వర్తకుల ప్రోద్బలంతో సమోవా తన కాలగణనను అమెరికాతో కలుపుకొన్నది. అందువల్ల ఆ యేడు జూలై 4 రెండు మారులు వచ్చింది. అటుపై శతాబ్దం గడిచేసరికి వర్తకమంతా న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల వైపు మళ్ళింది. సమోవా ప్రజలు ఆదివారం ప్రార్థనలో ఉండగా సిడ్నీలో సోమవారపు వ్యాపారం సాగేది. ఈ ఇబ్బంది తొలగించుకొనడానికి 2011లో తేదీరేఖను మళ్ళీ దాటారు. డిసెంబరు 29 గురువారం రాత్రి నిద్రించినవారు 31 శనివారం నాడు మేల్కొన్నారు. మన పంచాంగంలో తిథికి క్షయం ఉన్నది గాని వారానికి లేదు. అక్కడ ఆ యేడు వారానికే క్షయం కలిగింది! తూర్పున ఉన్న అమెరికన్ సమోవా మాత్రం పాత లెక్కలోనే నిలిచింది. గంటైనా పట్టని విమానప్రయాణంలో యాత్రికుడు నిన్నటి రోజులో దిగుతాడు. టిక్కెట్టు మీది తేదీని రెండుసార్లు చూసుకోవడం మంచిది.

రహదారి సంగతీ ఇటువంటిదే. 1900 నుండి 1914 వరకు పాలించిన జర్మనులు కుడివైపు నడకను అలవాటు చేసి పోయారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుండి కార్లు తెచ్చుకొనే వీలు కోసం 2009 సెప్టెంబరు 7న ఎడమవైపుకు మారారు. కనుక మనవారికి అక్కడ కారు నడపడంలో చిక్కు లేదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. 1918 నవంబరు 7న 'తలూనె' అనే ఓడ ఆక్లాండ్ నుండి ఫిజీ మీదుగా అపియా రేవుకు చేరింది. అందులో ఇన్‌ఫ్లుయెంజా రోగులున్నారు. ఫిజీలో ఆ ఓడను క్వారంటైన్‌లో ఉంచారు. అపియాలో మాత్రం ప్రయాణికులను ఒడ్డుకు దిగనిచ్చారు. కొద్ది వారాలలో సుమారు 8,500 మంది, అనగా జనాభాలో అయిదింట ఒక వంతు, మరణించారు. అనేక కుటుంబాలు పెద్దదిక్కును కోల్పోయాయి. అదే సమయంలో అమెరికన్ సమోవా గవర్నరు జాన్ పోయర్ రేవులను కట్టుదిట్టం చేయగా అక్కడ ఒక్కరూ ఈ వ్యాధితో మరణించలేదు. సముద్రం ఒక్కటే, జనమూ ఒక్కటే. తేడా అంతా పాలకుల శ్రద్ధలో ఉన్నది.

ఆ దుఃఖం నుండే న్యూజిలాండ్ పాలన మీద అవిశ్వాసం బలపడి, 'మౌ' అనే శాంతియుత ఉద్యమానికి ఊతమిచ్చింది. 1929 డిసెంబరు 28న అపియాలో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమనాయకుడు తుపువా తమసేసే లేలోఫీ గాయపడి మరునాడు కన్నుమూశాడు. 1962 జనవరి 1న సమోవా స్వతంత్రమైంది. 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ అపియాకు వచ్చి, ఓడ విషయానికీ కాల్పులకూ క్షమాపణ చెప్పారు.

కథ అంతటితో ముగియలేదు. 2019లో తట్టువ్యాధి వ్యాపించి 83 మందిని బలిగొన్నది. వారిలో అత్యధికులు పసిపిల్లలు. టీకా అందని ఇళ్ళవారు వాకిట ఎర్రగుడ్డ కట్టవలసిందని ప్రభుత్వం కోరింది. అందుచేత అక్కడికి వెళ్ళదలచినవారు తమ టీకాలు సరిచూసుకొనడం, జ్వరమున్నప్పుడు ప్రయాణం వాయిదా వేసుకొనడం అతిథిధర్మంలో మొదటిదని నా భావన.

మిగిలిన మర్యాదలు మనకు కొత్తవి కావు. గ్రామాన్ని 'మతాయి' అనే కులపెద్దలు నడుపుతారు. సాయంకాలం శంఖమో గంటో మోగగానే ప్రతి కుటుంబమూ ప్రార్థనకు కూర్చుంటుంది. దీనిని 'సా' అంటారు. ఆ కొద్దిసేపు ఊరిలో తిరగరాదు. గోడలు లేని 'ఫలె' ఇంటిలో అడుగిడేముందు చెప్పులు విడవాలి. బాసింపట్టు వేసి కూర్చోవాలి, ఎదుటివారి వైపు కాళ్ళు చాపరాదు. కూర్చున్నవారి ముందునుండి వెళ్ళవలసివస్తే నడుము వంచి 'తులౌ' అనాలి. ఊరి సముద్రతీరంలో దిగేముందు అనుమతి అడగాలి, రుసుము చెబితే చెల్లించాలి. ఆదివారం కొట్లు చాలావరకు మూసివుంటాయి గనుక కావలసినవి శనివారమే తెచ్చుకోవాలి. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుపానుల కాలం.

రేవు దాటి వచ్చే ప్రతివాడినీ ఆదరించిన ద్వీపమది. ఆ ఆదరణకు ఒకసారి ఎంత మూల్యం చెల్లించిందో ఎరిగి అడుగుపెట్టినవాడే అక్కడ నిజమైన అతిథి.