మహామారి తరువాత వర్తకము

మన కులవృత్తియగు వర్తకమునకు రాకపోకలే ప్రాణము. అంటువ్యాధికిని అదియే మార్గము. ఈ చిక్కును విప్ప యత్నించిన పూర్వపు రేవులలో ముఖ్యమైనది రాగూసా. నేడు దానిని డుబ్రోవ్నిక్ అందురు. 1348లో ప్లేగు ఆ పట్టణమును పీడించెను. అయినను 1377లో పురపాలకులు రేవును మూయింపలేదు. వ్యాధిగల సీమలనుండి వచ్చువారు 30 దినములు వెలుపల నిలిచి, పిదపనే పురప్రవేశము చేయవలెనని శాసించిరి. భయమునకు మారుగా నియమము నిలిచెను; వర్తకము సాగెను. పదునారవ శతాబ్దమునాటికి ఆ చిన్న రాజ్యపు ఓడలు మధ్యధరా సముద్రమున పేరెన్నికగన్నవి.

2020లో కోవిడ్ మరియొక పాఠము నేర్పెను. చీనానుండి ముడిమందుల రాక సందేహమగుటచే, మార్చి 3వ తేదీన మన ప్రభుత్వము 26 రకముల ముడిమందుల, మందుల ఎగుమతిని నియంత్రించెను. మందుల తయారీకి పేరొందిన హైదరాబాదునకును ఆ పరాధీనత తప్పలేదు. ఆ సంవత్సరము లోకమున విదేశీ పెట్టుబడి మూడవవంతునకు పైగా తగ్గెను. మన దేశమునకు వచ్చినది పెరిగెను గాని, ఆ పెరుగుదలకు ముఖ్యకారణము నూతన కర్మాగారములు గావు. ఉన్న సంస్థల వాటాల కొనుగోలే.

కావున రేవును మూయుట రక్ష కాదు; ఒక్క రేవునే నమ్ముటయు రక్ష కాదు. పరధనమునకై వేచియుండుటకంటె, ముడిమందులు చేయు నేర్పును మనయందే పెంపొందించుకొనుట మేలు. దాతలగు మహాశయులు విద్యానిధినుండి రసాయనశాస్త్రము చదువు బాలబాలికలకు వేతనము లొసగుదురుగాక. రాబోవు విపత్తునకు మనము నేడే పెట్టదగిన పెట్టుబడి యదియే.