ఉపాధ్యాయుల గ్రీష్మ విద్యాగోష్ఠులు

ఈ వార్షిక మహాసభా సంచికకు విద్యావిషయమున నేదేని యొక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యార్థులను గూర్చి వ్రాయువారు పెక్కురు కలరు. వసతిగృహములను గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు ఇట్టి సంచికలలో కొదువ లేదు. ఉపాధ్యాయుడు మరల చదువుకొనుటను గూర్చి మాత్రము వ్రాయువారు అరుదు. మన పోషకులలో ననేకుల మనుమలు, మనుమరాండ్రు న్యూజెర్సీ, టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములలో హైస్కూలు చదువుచు "ఏ.పీ." అను పరీక్షలకు కూర్చుండుచున్నారు. ఫలానివానికి అయిదునకు అయిదు వచ్చినదని తాతలు సభాప్రాంగణమున చెప్పుకొని మురియుట మేము వినుచునే యున్నాము. ఆ అయిదు వెనుక వేసవి సెలవులలో బల్లమీద విద్యార్థివలె కూర్చున్న ఉపాధ్యాయు డొకడున్నాడు. వాని కథయే మేమిచ్చట చెప్పదలచినది.

ఏ.పీ. యనగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంటు. హైస్కూలులో నుండగనే కాలేజీ మొదటి యేటి పాఠమును చదివి, పరీక్షయందు నెగ్గి, కాలేజీలో ఆ మెట్టును దాటిపోవుట దీని యుద్దేశము. 1951లో ఫోర్డు ఫౌండేషనువారు విద్యాభివృద్ధికై ఒక ప్రత్యేక నిధిని స్థాపించిరి. ఆ నిధి సాయముతో రెండు పరిశీలనములు జరిగెను. ఆండోవరు, ఎక్సెటరు, లారెన్సువిల్లు పాఠశాలలును, హార్వర్డు, యేలు, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయములును కలిసి చేసినది మొదటిది. మంచి పాఠశాలలో చదివివచ్చిన బాలుడు కాలేజీలో చదివిన పాఠమునే మరల చదువుచు ఒక యేడు వృథా చేసికొనుచున్నాడని వారు తేల్చిరి. రెండవ దానికి కెన్యన్ కాలేజీ అధ్యక్షుడగు గార్డన్ చామర్స్ నాయకుడు. 1952లో 12 కాలేజీలు అందు చేరినవి. 1954లో ప్రయోగపరీక్షలు జరిగెను. 1955లో కాలేజి బోర్డు ఆ బాధ్యతను స్వీకరించి, 1956 మే నెలలో తన పేర మొదటి పరీక్షలను నడిపెను. నాడు పాఠశాలలు 104, విద్యార్థులు 1,229 మంది మాత్రమే.

ఇది మొదట కలవారి బిడ్డల కొరకు పుట్టిన యేర్పాటని చెప్పుటకు సంకోచింప నక్కరలేదు. అయినను కెన్యన్ పరిశీలనమును నిర్వహించిన విలియం కార్నాగ్ ఫిలడెల్ఫియాలోని సెంట్రల్ హైస్కూలను ప్రభుత్వ పాఠశాలకు ప్రిన్సిపాలు. బీజమునందే ఆ రెండు తీగలును ఉన్నవన్నమాట.

ఏ.పీ. మొదటి డైరెక్టరు విలియమ్స్ కాలేజీలో చరిత్రాచార్యుడగు చార్లెస్ కెల్లరు. ప్రశ్నపత్రము తయారైనంత మాత్రమున పాఠము తయారు కాదని ఆ తొలిదినములవారు గ్రహించిరి. అందుచే ఏటేట జూన్ మాసమున నొక్కొక్క విషయమునకు నొక్కొక్క సమ్మేళనము కాలేజీలలో నేర్పాటయ్యెను. హైస్కూలు ఉపాధ్యాయులును, కాలేజీ ప్రొఫెసర్లును ఒకే బల్లచుట్టు కూర్చుండి, కాలేజీ మొదటి యేటి గణితమనగా నేమి, చరిత్ర యనగా నేమి, ఎంత లోతు, ఎంత వెడల్పు అని వాదించుకొనిరి. అంతకుముందు ఆ రెండు వర్గములవారు ఒకరి తరగతిని మరియొకరు చూచి యెరుగరు. పరీక్షకంటె ఈ సమ్మేళనమే పెద్ద సంస్కారమని మా అభిప్రాయము. కెల్లరు తరువాత జాన్ హే ఫెలోల కార్యక్రమమునకు పోయి, అచ్చటను ఉపాధ్యాయులను సాహిత్య చరిత్రల వైపు మరల చదివించు పనినే చేసెను.

ఇదే కాలమున మరియొక పాయ ప్రవహింప నారంభించెను. 1950లో పుట్టిన నేషనల్ సైన్సు ఫౌండేషను 1953 వేసవిలో కాలేజీ అధ్యాపకులకు రెండు గ్రీష్మ విద్యాలయములను నడిపెను. మరుసటి యేడు సియాటిల్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున హైస్కూలు గణితోపాధ్యాయులకు విద్యాలయము జరిగెను. ఆరు వారములు, ఎనిమిది వారములు ఉపాధ్యాయుడు విశ్వవిద్యాలయమున నివసించి చదువుకొనవలెను. బ్రతుకుట యెట్లు? ఇచ్చటనే ఆ సంస్థవారి వివేకము కనబడుచున్నది. వారమునకు 75 డాలర్ల భృతియు, పోషింపవలసిన వారొక్కొక్కరికి 15 డాలర్లును, దారిఖర్చులును ఇచ్చిరి. వేసవిలో సంసారము గడుపుకొనుటకై అంగళ్లలోను, పొలములలోను కూలికి పోవు ఉపాధ్యాయుని ఆ కూలినుండి తప్పించి తరగతికి తెచ్చినది ఈ భృతియే. 1957 అక్టోబరు 4న రష్యావారి స్పుత్నిక్ ఆకాశమున తిరుగుటతో అమెరికావారి ఖజానా తలుపులు మరింత తెరచుకొనెను. 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టము వచ్చెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జెరోల్డ్ జకరయాస్ మొదలగువారు 1956 నుండి రూపొందించుచుండిన క్రొత్త భౌతికశాస్త్ర పాఠము ఈ విద్యాలయముల ద్వారమునుండియే దేశమంతట వ్యాపించెను.

సెలవు దినములలో గురువు చదువుట క్రొత్త యేమియు కాదు. ఉత్సర్జనమైన పిమ్మట శుక్లపక్షమున వేదమును, కృష్ణపక్షమున వేదాంగములను చదువవలెనని స్మృతి విధించుచున్నది. అనధ్యాయమనగా నిద్రపోవుట యని అర్థము కాదు. కాని ఆ చదువుకు పూర్వము రాజు అగ్రహారమిచ్చెను. అమెరికాలో 75 డాలర్లిచ్చిరి. రెండును లేనిచోట స్వాధ్యాయమును గూర్చి ఉపన్యసించుట సులభము.

ఆ పాయ మన దేశమునకును వచ్చినది. 1963లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమును (యూ.జీ.సీ.), 1961లో నేర్పడిన జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలియును, అమెరికా ప్రభుత్వ సహాయముతో, హైస్కూలు శాస్త్రగణితోపాధ్యాయులకు గ్రీష్మ విద్యాలయములను మన విశ్వవిద్యాలయములలో నారంభించెను. అమెరికా ఆచార్యులు సలహాదారులై వచ్చిరి. పైన చెప్పిన భౌతికశాస్త్ర పాఠమే ఇచ్చటను బోధింపబడెను. మన గ్రామముల వేసవి, అచ్చటి వేసవి ఒకటి కావు. రేకుల కప్పు క్రింద మే నెలలో ప్రయోగములు చేయుట యెట్టిదో చదువరులు ఊహింపగలరు. తరువాత 1971 యుద్ధముతో రెండు దేశముల మైత్రి చెడి, ఆ సాయము నిలిచెను.

అమెరికాలోను చిరకాలము సాగలేదు. 1975లో "మనిషి: ఒక పాఠ్యక్రమము" అను క్రొత్త సాంఘికశాస్త్ర పాఠమును గూర్చి కాంగ్రెసులో పెద్ద రగడ జరిగెను, పిల్లలకు చెప్పదగని ఆచారములను చెప్పుచున్నారని కొందరు సభ్యులు మండిపడిరి. ఆ కోపము ఫౌండేషనువారి పాఠశాలా శాఖమీద పడెను. 1982 నాటికి ఆ శాఖకు సొమ్ము దాదాపుగా లేకుండ పోయినది. మరుసటి యేడే, 1983లో, దేశమునకు విద్యావిషయమున అపాయము వచ్చినదని ప్రభుత్వ సంఘమొకటి నివేదిక ప్రకటించెను. కొమ్మను కొట్టి నీడ యేదని వెదకినట్లున్నది.

ఆ సంధికాలముననే లాస్ ఏంజిలిస్ తూర్పు భాగమున, మెక్సికో దేశమునుండి వచ్చిన బీదకుటుంబముల పిల్లలు చదువు గార్ఫీల్డ్ హైస్కూలులో నొక యద్భుతము జరిగెను. బొలీవియానుండి వచ్చిన జైమె ఎస్కలాంటె యను గణితోపాధ్యాయుడు 1982లో 18 మందిచే ఏ.పీ. కలనగణిత పరీక్ష వ్రాయించగా 18 మందియు నెగ్గిరి. బీదపిల్లలకు ఇంత చదువెట్లు వచ్చినదని కాబోలు, పరీక్షాసంస్థవారు 14 మంది పత్రములను అనుమానించిరి. వారిలో 12 మంది మరల వ్రాసి మరల నెగ్గిరి. దీనిమీద 1988లో చలనచిత్రము వచ్చుటచే కథ లోకమున కెక్కినది. చిత్రమున కనబడని దొకటి కలదు. ఆయన పని ఒక్క యేటిది కాదు. క్రింది తరగతుల గణితోపాధ్యాయులను కూడగట్టుకొని, సమీపపు కాలేజీలో వేసవి తరగతులు పెట్టించి, కొన్నేండ్లు శ్రమించి మెట్లు కట్టెను. 1991లో ఆయన ఆ పాఠశాల వదలినంతనే ఆ మెట్లు సడలెను. ఒక్కని ప్రతిభ మీద నిలిచిన చదువు వానితోనే పోవును. పలువురు ఉపాధ్యాయులు కూడి నేర్చుకొన్నది నిలుచును.

నేడు అచ్చట ఏ.పీ. గ్రీష్మ విద్యాలయములు అనేక విశ్వవిద్యాలయములలో జరుగుచున్నవి. నాలుగైదు దినములు, 30 గంటలకు తక్కువ కాకుండ. పూర్వపు ఆరు వారములు ముప్పది గంటలైనవి. ఇది క్షీణమే యని మేము తలచుచున్నాము. కాని లోపల జరుగు పని మాత్రము మెచ్చదగినది. ఉదాహరణమునకు చరిత్రను తీసికొందము. 1973 నుండి అమెరికా చరిత్ర పరీక్షలో, కొన్ని మూలపత్రములను ఎదుట పెట్టి వానిపై వాదము నిర్మింపుమనెడి ప్రశ్న యొకటి యుండును. గోష్ఠిలో పూర్వపు విద్యార్థులు వ్రాసిన జవాబులను ఉపాధ్యాయులకు పంచుదురు. ఒక్కొక్కరు విడిగా చదివి, విధిసూత్రముల ప్రకారము మార్కులు వేయుదురు. పిదప చేతులెత్తి చెప్పుదురు. ఒకరు నాలుగు వేసినచోట మరియొకరు రెండు వేసియుందురు. అప్పుడు వాదము. "ఇచ్చట పత్రమును ఉదహరించినాడే కాని ఉపయోగించినాడా?" అని యొకరు అడుగుదురు. మధ్యాహ్నము కాకముందే, ఇరువదియేండ్లుగా మార్కులు వేసినవాడు కూడ తాను వేయుచున్న దేమిటో మొదటిసారి ఆలోచించును. ప్రతి జూన్‌లోను నిజపరీక్షల పత్రములు దిద్దుటకు వేలకొలది ఉపాధ్యాయులు కూడుట గూడ ఇట్టి విద్యాగోష్ఠియే.

మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తులను నాట్యాచార్యులు తమలో నెవ్వరధికులని వివాదపడగా, శిష్యుల ప్రదర్శనమునుబట్టి నిర్ణయింపవలెనని తేలినది. ఏ.పీ. పరీక్షయు అట్టి తీర్పే. అయితే గణదాసునకు మాళవికవంటి శిష్యురాలు దొరికినది. అన్ని పాఠశాలలవారికిని మాళవికలు దొరకరు కదా!

2007 నుండి ఏ.పీ. పేరు పెట్టుకొను ప్రతి తరగతికిని ఉపాధ్యాయుడు తన పాఠప్రణాళికను కాలేజి బోర్డునకు చూపి అనుమతి పొందవలెను. 2014లో భౌతికశాస్త్రపు పాతపాఠ మొకటి రెండుగా చీలినది. 2012లో జీవశాస్త్రము మారినది. పాఠము మారిన ప్రతిసారియు నిన్నటి పండితుడు నేటి విద్యార్థి కావలసినదే. రుసుమును సామాన్యముగా పాఠశాలగాని జిల్లాగాని చెల్లించును. బీద జిల్లాలో ఉపాధ్యాయుడు తన సొమ్ము పెట్టుకొనును, లేదా మానుకొనును. 2020లో కోవిడు వలన ఈ గోష్ఠులు కంప్యూటరు తెరమీదకు వచ్చెను. ప్రయాణవ్యయము తప్పినది గాని, బల్లచుట్టు జరుగు వాదము పలుచబడెను.

మా ఉద్యోగకాలమున మేమును వేసవి శిక్షణములకు పోయితిమి. ఒకచోట నాలుగు దినములు హాజరు పట్టికమీద సంతకములును, రెండుపూటల టీయును తప్ప మరేమియు జరుగలేదు. అచ్చటికి వచ్చినవారిలో చదువుకొనవలెనను కోరిక లేనివారు తక్కువ. వారి యెదుట పెట్టుటకు ఒక్క విద్యార్థి జవాబు పత్రమును తెచ్చినవారు లేరు. ఆ నాలుగు దినముల ఖర్చుతో పదిమంది గణితోపాధ్యాయులను ఒక కాలేజీలో మూడువారములు కూర్చుండబెట్టి, భోజనమును, దారిఖర్చును, ఇంటివారికి కొంత భృతియును ఇచ్చి యుండవచ్చును. మన సంఘ వసతిగృహములలో ఏప్రిల్ చివరనుండి జూన్ నడిమివరకు గదులు ఖాళీగా నుండును. వంటవారు జీతము తీసికొనుచునే యుందురు.