గుప్పెడు యూరియా

పోయిన వేసవిలో మా మల్లెమొక్కను నా చేతులతో నేనే చంపేశాను. చంపాలని కాదు లెండి, ప్రేమ ఎక్కువై! మొగ్గ తొడగటం లేదని దిగులు పడి, ఊరినుంచి వచ్చిన మా మరిది సంచిలో ఉన్న తెల్లటి గుళికలు గుప్పెడు తీసి కుండీలో పోశాను. మూడోనాటికి ఆకుల అంచులు మాడాయి. వారం తిరిగేసరికి పుల్ల మిగిలింది.

"వదినా, మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఏమవుతుంది?" అన్నాడు మరిది.

"నీరు వదులుతాయి."

"మీరు చేసిందీ అదే. వేళ్ళలో నీళ్ళన్నీ బయటికి లాగేశారు. ఎకరమంతా పలచగా చల్లేదాన్ని ఒక్క కుండీలో గుప్పెడు పోస్తే మొక్క ఏం కావాలి?"

నేను బి.ఎ. చదివినదాన్ని. రసాయనశాస్త్రానికి పదో తరగతితోనే దణ్ణం పెట్టేశాను. అయినా చేసిన పాపం ఏమిటో తెలియాలి కదా! లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చాను. "నవల మానేసి యూరియా మీద పడ్డావేం?" అని మావారు నవ్వారు. నా నవలల్లో లేని మలుపులు అందులో ఉన్నాయి మరి.

మా అమ్మమ్మకి ఈ పుస్తకాలతో పని లేకపోయింది. దొడ్లో పెంటపోగు, పొయ్యిలో బూడిద ఆవిడ ఆస్తి. వేసవిలో చేలో గొర్రెలమంద కట్టించేది. నాట్లకు ముందు జీలుగ చల్లించి, పూతకు వచ్చే వేళకి కలియదున్నించేది. చెరువు ఎండితే ఆ మట్టిని బండ్లతో తోలించేది. ఎందుకమ్మమ్మా అంటే, "తీసుకున్నది తిరిగి పెట్టొద్దటే?" అనేది.

1840లో జర్మనీలో లీబిగ్ అనే శాస్త్రజ్ఞుడు పెద్ద పుస్తకం రాసి చెప్పింది కూడా దాదాపు ఇదే. పైరు నేలలోంచి తీసుకున్న ఖనిజాలను మళ్ళీ నేలకి ఇవ్వాలి. అందులో ఏది తక్కువైతే పంట అంతవరకే. పప్పూ నెయ్యీ ఎంతున్నా ఉప్పు లేనిదే ముద్ద దిగదు కదా, అలాగన్నమాట.

మొక్కకి ముఖ్యంగా కావలసినవి మూడు. నత్రజని ఆకుకి పచ్చదనం ఇచ్చి ఏపుగా పెంచుతుంది. భాస్వరం వేరుకీ, పూతకీ, గింజకీ బలం. పొటాష్ కాండాన్ని గట్టిపరచి చీడను తట్టుకోనిస్తుంది. అమ్మమ్మ పాదుల్లో పోసిన బూడిదలో ఉన్నది ఈ పొటాషే. ఆ ఇంగ్లీషు మాటకి అర్థమే "కుండ బూడిద"ట! ఇక జీలుగ వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తాయి. ఈ సంగతి శాస్త్రజ్ఞులు 1880లలో గానీ తేల్చుకోలేకపోయారు.

అంతకుముందు యూరప్ వాళ్ళకి నత్రజని ఎక్కడ దొరికిందో తెలుసా? పక్షుల రెట్టలో! పెరూ తీరాన చించా దీవుల్లో వానలు లేక, రెట్ట గుట్టలుగా పేరుకుపోయింది. దాని పేరు గ్వానో. 1840ల నుంచి ఓడలకొద్దీ ఇంగ్లండుకి చేరింది. దాన్ని తవ్వటానికి చైనా నుంచి తెచ్చిన కూలీలు ఆ దుమ్ములో, ఆ ఎండలో ఎందరో రాలిపోయారు. మూడు దశాబ్దాల్లో గుట్టలు తరిగిపోయాయి. తర్వాత ఎడారిలోని నైట్రేటు మీద కళ్ళు పడ్డాయి. దానికోసం 1879లో చిలీ ఒకవైపు, పెరూ బొలీవియా ఒకవైపు యుద్ధానికి దిగాయి. బొలీవియా తన సముద్రతీరాన్ని పోగొట్టుకుంది. ఈనాటికీ ఆ దేశానికి సముద్రం లేదు. రాజ్యాలకోసమూ, రాణులకోసమూ యుద్ధాలు జరిగాయని పరీక్షల్లో రాశాను గానీ, ఎరువుకోసం జరిగిందని నాకెవరూ చెప్పలేదు.

గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే. కానీ పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అనే జర్మన్ ఆ నత్రజనినీ హైడ్రోజన్‌నూ విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో కలిపి అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. 1913లో ఒపౌ అనే చోట ఉత్పత్తి మొదలైంది. ఈనాటి యూరియా అంతా ఆ అమ్మోనియా సంతానమే.

ఆ మరుసటేడే ప్రపంచయుద్ధం వచ్చింది. అన్నం పండించే నత్రజనే మందుగుండుకీ పనికొచ్చింది. అంతటితో ఆగలేదు హేబర్. 1915 ఏప్రిల్ 22న ఈప్రె దగ్గర శత్రుసైన్యం మీదికి క్లోరిన్ విషవాయువును దగ్గరుండి వదిలించాడు.

నేను పుస్తకం మూసి కూర్చుండిపోయింది ఇక్కడే. ఆయన భార్య పేరు క్లారా. ఆవిడా రసాయనశాస్త్రజ్ఞురాలే. 1900లో బ్రెస్లా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందింది. మరుసటేడు పెళ్ళి. తర్వాత ఆ చదువు వంటింటి గుమ్మం దాటలేదు. ఈప్రె జరిగిన పది రోజులకి, 1915 మే 2న, భర్త తుపాకితోనే తోటలో కాల్చుకుని చనిపోయింది. ఎందుకన్నది కాగితం మీద మిగల్లేదు. చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. హేబర్ మాత్రం ఆ వెంటనే తూర్పు యుద్ధరంగానికి బయలుదేరి వెళ్ళిపోయాడు. 1918 సంవత్సరానికిగాను నోబెల్ బహుమతీ అందుకున్నాడు. హిట్లర్ వచ్చాక, యూదుడిగా పుట్టినందుకు 1933లో సొంతదేశం వదిలాడు. మరుసటేడు బాసెల్‌లో చనిపోయాడు. ఆయన కోరిక మేరకే క్లారా చితాభస్మాన్ని తెచ్చి పక్కన ఉంచారట. బతికుండగా వినని మాటలు అక్కడ విన్నాడేమో!

అయితే ఆ మనిషిని తిట్టి ఊరుకుందామంటే కుదరటం లేదండీ. ఈనాడు ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి ఆ పద్ధతి వల్లే పండుతోందని అంచనా. మన దేశంలో 1951లో సింద్రీ ఫ్యాక్టరీ నడిచింది. 1967లో విశాఖపట్నంలో ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. రామగుండంలో 1999లో మూతపడింది 2021లో మళ్ళీ లేచింది. ఎరువు బస్తా గడపలోకి వచ్చిన తొలి రోజుల్లో "ఇదేం ఉప్పే?" అని మూతి విరిచిందట అమ్మమ్మ. గాదె నిండాక మాట్లాడలేదు. కానీ పెంటపోగు మాత్రం ఎత్తించలేదు. "బస్తా కొట్లో దొరక్కపోతే?" అనేది.

అతిగా పోస్తే ఏమవుతుందో నా మల్లెమొక్క చెప్పింది. పొలంలోనూ అంతే. యూరియా ఎక్కువైతే పైరు ఏపుగా లేచి గాలికి పడిపోతుంది, పురుగు ఎగబడుతుంది, మిగిలింది నీళ్ళలో కలుస్తుంది.

ఈమధ్య మళ్ళీ ఒక మల్లెమొక్క తెచ్చాను. అడుగున చివికిన పేడ వేసి, కూరల తొక్కులు కుళ్ళబెట్టి పోస్తున్నాను. నెలకో చిటికెడు యూరియా నీళ్ళలో కలిపి పోయమన్నాడు మరిది, చిటికెడంటే చిటికెడే. నిన్న నాలుగు మొగ్గలు వచ్చాయి. తలలో పెట్టుకోబోయి, ఎందుకో ఆ తోటలో పడిపోయిన క్లారా గుర్తొచ్చి, కాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాను.