గ్రామీణ కౌంటీలో ఆరోగ్య బీమా: ధర ఎక్కడ తేలుతుంది? నైరుతి జార్జియా ఆధారంగా ఒక పరిశీలన

ప్రస్తావన

అమెరికాలో పెద్ద కంపెనీలో ఉద్యోగం ఉంటే ఆరోగ్య బీమా దానితోపాటే వస్తుంది. అరవై అయిదేళ్లు నిండితే మెడికేర్ ఉంటుంది. బాగా పేదవాళ్లకు మెడికెయిడ్ ఉంది కానీ అది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఈ మూడింటికీ అందనివాళ్లు తమ పాలసీ తామే కొనుక్కోవాలి. సొంత పొలం సాగుచేసే రైతు, ఊళ్లో చిన్న దుకాణం నడిపే మనిషి, వడ్రంగం, ప్లంబింగ్ పనులకు వెళ్లేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. 2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన అఫర్డబుల్ కేర్ చట్టం వీళ్లను దృష్టిలో పెట్టుకునే బీమా మార్కెట్‌ప్లేస్‌లను ఏర్పరచింది. వాటి ద్వారా కొన్న పాలసీలు 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

నాలుగు పాలసీలు పక్కపక్కన పెట్టి చూసుకుని అనువైనది ఎంచుకోమన్నది ఈ ఏర్పాటు వెనకున్న ఆలోచన. పల్లె కౌంటీల అనుభవం దీనికి భిన్నంగా ఉంది. అక్కడ బీమా ధర కొనేవాడు బేరీజు వేసుకోవడానికి ముందే తేలిపోతుంది. దాన్ని తేల్చేవి మూడు: ఆ ప్రాంతంలో ఆస్పత్రి ఎవరి చేతిలో ఉంది, కౌంటీ ఏ ధరల మండలంలో పడింది, రాష్ట్ర ప్రభుత్వం మెడికెయిడ్ విషయంలో ఏ నిర్ణయం తీసుకుంది. సబ్సిడీ ఆ ధర భారాన్ని కొనేవాడి మీద పడకుండా ఆపింది గానీ ధరను తగ్గించలేదు. నైరుతి జార్జియాను ఉదాహరణగా తీసుకుని ఈ వాదనను నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే వయసు, మూడు రెట్ల ధర

2014లో నలభై ఏళ్ల వ్యక్తికి సిల్వర్ స్థాయిలో (వైద్య ఖర్చులో సగటున 70 శాతం బీమా భరించే పాలసీల్లో) అన్నిటికంటే చవకైన పాలసీ మినియాపోలిస్–సెయింట్ పాల్ నగర ప్రాంతంలో నెలకు 154 డాలర్లకు దొరికింది. నైరుతి జార్జియాలో అదే వయసుకు 461 డాలర్లు. కొలరాడో కొండల్లో స్కీయింగ్ విడిదులుండే ఈగిల్, గార్‌ఫీల్డ్, పిట్కిన్, సమిట్ కౌంటీల్లో 483 డాలర్లు. ఇవి సబ్సిడీ కలపని ధరలు.

చట్టం ప్రకారం రోగాన్ని బట్టి ప్రీమియం పెంచకూడదు. పెద్దవాళ్ల ప్రీమియం చిన్నవాళ్ల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదు. పొగాకు వాడేవాళ్ల దగ్గర ఒకటిన్నర రెట్లకు మించి వసూలు చేయకూడదు. ఇవి పోగా మిగిలిన పెద్ద అంశం నివాస స్థలం, అంటే కౌంటీ పడిన ధరల మండలం. వయసు ఒకటే, పాలసీ స్థాయి ఒకటే అయినప్పుడు ఈ మూడు రెట్ల తేడాకు కారణం ఊరిలోనే వెతకాలి.

కొలరాడో విడిదుల్లో సంపన్నుల ఇళ్లున్నాయి. నైరుతి జార్జియా వేరుశెనగ, పత్తి, పెకాన్ తోటల నేల, పేదరికం ఎక్కువ. ఇంత తేడా ఉన్న రెండు ప్రాంతాలు దేశంలో అత్యధిక ధరల పట్టికలో మొదటి రెండు స్థానాల్లో పక్కపక్కన నిలిచాయంటే స్థానికుల ఆదాయం అసలు కారణం కాదని అర్థం. ఆస్పత్రుల మధ్య పోటీ లేకపోవడం రెండుచోట్లా ఉంది.

ఒక్క ఆస్పత్రి, ఒక్క బీమా సంస్థ

నైరుతి జార్జియాకు వైద్య కేంద్రం డోఅర్టీ కౌంటీలోని ఆల్బనీ పట్టణం. అక్కడ ఒకప్పుడు రెండు పెద్ద ఆస్పత్రులుండేవి: ఫీబీ పట్నీ మెమోరియల్, పాల్మైరా. 2011 డిసెంబరులో మొదటిది రెండోదాన్ని కొనేసింది. ఆల్బనీ చుట్టూ ఉన్న ఆరు కౌంటీల్లో ప్రైవేటు బీమా కింద జరిగే ఆస్పత్రి సేవల్లో ఈ రెండింటి వాటా కలిపి 86 శాతమని, ఈ విలీనం పోటీని దెబ్బతీస్తుందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టులో వాదించింది. 2013 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కమిషన్ పక్షాన తీర్పు చెప్పింది. అయినా ఆస్పత్రులు మళ్లీ విడిపోలేదు. కొత్త ఆస్పత్రికి ముందుగా ప్రభుత్వం నుంచి అవసర ధ్రువీకరణ పొందాలనే జార్జియా చట్టం అడ్డురావడంతో, 2015లో విలీనాన్ని అలాగే వదిలేసి కమిషన్ రాజీకి వచ్చింది.

బీమా సంస్థ ఆస్పత్రితో బేరమాడేటప్పుడు దాని చేతిలో ఉండే ఆయుధం ఒక్కటే: ధర తగ్గించకపోతే మా నెట్‌వర్క్ నుంచి తీసేస్తామనడం. ఉన్నది ఒక్క ఆస్పత్రి అయితే ఆ మాట చెల్లదు. దాన్ని తీసేస్తే పాలసీ కొనేవాడే ఉండడు. మన ఆరోగ్యశ్రీలో ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలో ప్రభుత్వమే ప్యాకేజీగా ఖరారు చేస్తుంది. అమెరికా మార్కెట్‌ప్లేస్‌లో ఆ ధర బీమా సంస్థకూ ఆస్పత్రికీ మధ్య తేలాలి. ఆస్పత్రిది పైచేయి అయినచోట తేలిన ధర నేరుగా ప్రీమియంలోకి వచ్చి చేరుతుంది.

దీనికి తోడు జనాభా తక్కువ. కొన్ని వందలమందే పాలసీదారులున్న కౌంటీలో నెలలు నిండని శిశువు ఒకరు పుట్టినా, హీమోఫిలియా రోగి ఒకరున్నా ఆ ఏడాది లెక్కంతా తలకిందులవుతుంది. అందుకే బీమా సంస్థలు అటువైపు రావడానికి జంకుతాయి, వచ్చినవి త్వరగా తప్పుకుంటాయి. 2016లో అరిజోనాలోని పినాల్ కౌంటీకి మరుసటి ఏడాది పాలసీ అమ్మే సంస్థే లేని పరిస్థితి వచ్చింది. 2017లో ఒహాయోలోని పాల్డింగ్ కౌంటీదీ అదే స్థితి. రెండుచోట్లా చివరి ఘడియలో ఒక సంస్థ ముందుకొచ్చింది. 2018లో దేశంలోని కౌంటీల్లో సుమారు సగానికి మార్కెట్‌ప్లేస్‌లో ఒక్క సంస్థే దిక్కయింది.

సబ్సిడీ లెక్క

సబ్సిడీకి కొలమానం ఆ ప్రాంతంలోని సిల్వర్ పాలసీల్లో రెండో చవకైనది. ఆదాయంలో ఇంత శాతం నువ్వు కట్టు, మిగిలింది ప్రభుత్వం భరిస్తుందన్నది సూత్రం. అందువల్ల సబ్సిడీ అర్హత ఉన్నంతవరకూ ఆ పాలసీకి మినియాపోలిస్‌లోనైనా ఆల్బనీలోనైనా ఒకే ఆదాయం ఉన్నవాళ్లు ఒకే మొత్తం కడతారు. ఇది చట్టం చేసిన నిజమైన మేలు. 2021లో కాంగ్రెస్ ఈ సాయాన్ని పెంచి, పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటినవాళ్లకు కూడా ప్రీమియం ఆదాయంలో 8.5 శాతం మించకుండా చేసింది. ఆ పెంపు గడువు 2025 డిసెంబరు 31తో తీరిపోయింది.

తేడా ఎంతో చూద్దాం. 2026 పాలసీలకు ఒంటరి వ్యక్తి పేదరిక రేఖ 15,650 డాలర్లు. దానికి రెట్టింపు, అంటే 31,300 డాలర్లు సంపాదించే మనిషి పెంచిన సబ్సిడీ ఉంటే ఆదాయంలో 2 శాతం, నెలకు సుమారు 52 డాలర్లు కట్టేవాడు. ఇప్పుడు 6.6 శాతం, అంటే నెలకు సుమారు 172 డాలర్లు కట్టాలి. ఆ భారం తట్టుకోలేక అతను ప్రీమియం తక్కువుండే బ్రాంజ్ పాలసీకి మారితే ఇంకో నష్టం. ఈ ఆదాయ స్థాయిలో సిల్వర్ తీసుకుంటే వైద్య ఖర్చులో బీమా భరించే సగటు వాటా 70 నుంచి 87 శాతానికి పెరుగుతుంది. బ్రాంజ్‌లో అది 60 దగ్గరే ఆగుతుంది. నెల నెలా మిగిల్చుకున్న డబ్బు ఒక్కసారి ఆస్పత్రిలో చేరితే హరించుకుపోతుంది.

ఇద్దరున్న ఇంటికి 84,600 డాలర్లు దాటితే సబ్సిడీ పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు ఆ ప్రాంతపు అసలు ధర మొత్తం నెత్తిన పడుతుంది. అరవై దాటి మెడికేర్ వయసు రాని దంపతులకు, అందులోనూ ధరలు మండిపోయే కౌంటీల్లో ఉన్నవాళ్లకు, ఇది పెద్ద దెబ్బ.

రైతు పరిస్థితి మరీ ఇబ్బంది. ఆ ప్రాంతంలో వేరుశెనగ సెప్టెంబరు, అక్టోబరుల్లో తవ్వుతారు. నవంబరు 1న బీమా నమోదు మొదలవుతుంది. ఈ ఏడాది పంట డబ్బు పూర్తిగా చేతికి రాకముందే వచ్చే ఏడాది ఆదాయం ఎంతో అంచనా వేసి రాయాలి. ఎక్కువ వస్తే, అదనంగా అందిన సబ్సిడీని పన్ను లెక్కల్లో తిరిగి కట్టాలి. అలా కట్టాల్సిన మొత్తానికి తక్కువ, మధ్య ఆదాయాల వాళ్లకు ఇంతకుముందు పరిమితి ఉండేది. 2025 జులైలో చేసిన చట్టం 2026 పన్ను సంవత్సరం నుంచి దాన్ని ఎత్తేసింది. తక్కువ వస్తుందని రాస్తే చిక్కు ఇంకో రకం. అంచనా పేదరిక రేఖకు దిగువనుంటే సాధారణంగా సబ్సిడీ రాదు. ఆ స్థాయివాళ్లను మెడికెయిడ్ చూసుకుంటుందనుకుని చట్టం రాశారు. కానీ 2012లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. పూర్తి విస్తరణ చేపట్టని పది రాష్ట్రాల్లో జార్జియా ఒకటి. 2023 జులైలో అది తెచ్చిన పాత్‌వేస్ అనే పరిమిత మెడికెయిడ్ పథకం నెలకు 80 గంటల పనో చదువో సేవో రుజువు చూపమంటుంది. వానలు ముఖం చాటేసిన ఏడు, సాయం అన్నిటికంటే అవసరమైన ఏడే, రైతు ఈ సందులో పడిపోతాడు.

కార్డు చేతిలో, ఆస్పత్రి దూరంలో

బీమా విలువను ప్రీమియంతోనే కొలిస్తే సగం కథే తెలుస్తుంది. 2013లో కాల్‌హూన్ కౌంటీలోని ఆర్లింగ్టన్ ఆస్పత్రి, స్టూవర్ట్ కౌంటీలోని రిచ్‌లాండ్ ఆస్పత్రి మూతపడ్డాయి. 2020 అక్టోబరులో, కోవిడ్ నడుమ, రాండల్ఫ్ కౌంటీలోని కత్‌బర్ట్ ఆస్పత్రి మూతపడింది. ఆరు వేల పైచిలుకు జనాభా ఉన్న ఆ కౌంటీకి అదొక్కటే ఆస్పత్రి. ఇప్పుడు గుండెనొప్పి వస్తే తూర్పున నలభై మైళ్లు దాటి ఆల్బనీకి పోవాలి, లేదా పడమట చాటహూచీ నది దాటి అలబామాలోని యుఫాలాకు పోవాలి. ఎమర్జెన్సీకి ఎక్కడికి వెళ్లినా చట్టం కాపాడుతుంది. కానీ మామూలు ఆపరేషన్‌కు, తర్వాతి పరీక్షలకు రాష్ట్రం దాటితే అక్కడి డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి. 2022 నుంచి అమలవుతున్న నో సర్‌ప్రైజెస్ చట్టం హెలికాప్టర్ అంబులెన్సుల అదనపు బిల్లులను అరికట్టింది గానీ రోడ్డు అంబులెన్సులను వదిలేసింది. దూరం పెరిగినకొద్దీ ఈ లోటు బరువెక్కుతుంది.

నియమాలు కూడా ఈ దూరాన్ని ఒప్పుకుంటున్నాయి. ఫెడరల్ మార్కెట్‌ప్లేస్ ప్రమాణాల ప్రకారం మహానగర కౌంటీలో ప్రాథమిక వైద్యుడు 5 మైళ్లలోపు ఉండాలి, గ్రామీణ కౌంటీలో 30 మైళ్లలోపు ఉంటే చాలు. డాక్టర్ల కొరత తీర్చడానికి 1994లో పెట్టిన కాన్రాడ్ వీసా మినహాయింపు కింద విదేశీ వైద్యులు మూడేళ్లు ఇలాంటి చోట పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న నిబంధన నుంచి బయటపడతారు. తెలుగు నేల మీద వైద్యం చదివినవాళ్లు ఎందరో ఈ దారినే అమెరికా పల్లెల్లో రోగుల్ని చూశారు. డాక్టరు దొరకడం కూడా బీమాలో భాగమేనన్న సంగతి అక్కడ పనిచేసినవాళ్లకు బాగా తెలుసు.

ధర ఎక్కువై, ఆస్పత్రి దూరమై విసిగినవాళ్ల ముందుకు చవక పథకాలు వస్తాయి: కొద్ది నెలల తాత్కాలిక పాలసీలు, సభ్యులు ఒకరి బిల్లులు ఒకరు పంచుకునే మత సంఘాలు, టెనెసీ, కాన్సస్ వంటి చోట్ల ఫార్మ్ బ్యూరో పథకాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇవి పనికొస్తాయి. ఉన్న జబ్బును సాకుగా చూపి చేర్చుకోకపోవడానికో, దాని ఖర్చు మినహాయించడానికో వీటిలో వీలుంది. ఆరోగ్యవంతులు ఇటు జారుకుంటే మార్కెట్‌ప్లేస్‌లో రోగులే మిగిలి, అక్కడి ధర ఇంకా పెరుగుతుంది.

చేయవలసింది

కొలరాడోలోని సమిట్ కౌంటీ ఇంకో దారి చూపింది. 2019లో అక్కడి వ్యాపారులు, ప్రజలు, స్థానిక ప్రభుత్వం కలిసి పీక్ హెల్త్ అలయన్స్ పేరుతో ఒక్కటై, ఆస్పత్రి ఏ సేవకు ఎంత వసూలు చేస్తోందో రాష్ట్ర క్లెయిముల సమాచారంతో లెక్కతీసి నేరుగా ఆస్పత్రితోనే బేరం కుదుర్చుకున్నారు. ఆ ధరల మీద 2020కి పాలసీలు అమ్మిన బ్రైట్ హెల్త్ అనే బీమా సంస్థతోను, అదే ఏడు రాష్ట్రం మొదలుపెట్టిన పునర్బీమాతోను (బీమా సంస్థల పెద్ద క్లెయిముల్లో కొంత భాగాన్ని భరించే ఏర్పాటు) ప్రీమియంలు గణనీయంగా తగ్గాయి. తర్వాత బ్రైట్ హెల్త్ వ్యక్తిగత బీమా నుంచే తప్పుకుంది కాబట్టి దీన్ని శాశ్వత విజయమనలేం. కానీ కొనేవాళ్లు కట్టుగా నిలబడి ఆస్పత్రి ధరనే ప్రశ్నిస్తే అది దిగుతుందని రుజువైంది.

దీన్నిబట్టి మూడు సంగతులు తేలుతున్నాయి. సబ్సిడీ తప్పనిసరి, దాన్ని కోస్తే ముందు నష్టపోయేది ధర ఎక్కువున్న పల్లెలే. అయితే సబ్సిడీ ఒక్కటే సరిపోదు. పోటీ లేనిచోట ఆస్పత్రి ధరకు ప్రభుత్వమో ప్రజల కూటమో హద్దు పెట్టాలి. హద్దు పెట్టేటప్పుడు, కత్‌బర్ట్ వంటి చిన్న ఆస్పత్రులు రోగుల సంఖ్యతో పని లేకుండా నిలబడేలా స్థిరమైన నిధి ఇవ్వాలి. లేకపోతే తగ్గిన ధర వాటినే ముందు మూయిస్తుంది. మెడికెయిడ్ విస్తరణ ఆ నిధిలో ఒక భాగం, ఎందుకంటే బీమా లేని రోగి కట్టలేని బిల్లు చివరికి చేరేది ఆ ఆస్పత్రి నష్టాల ఖాతాలోకే. గ్రామీణ కౌంటీలో బీమా అందుబాటులో ఉందా అని అడిగే పరిశోధకులు ప్రీమియం, డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టే ముందు రోగి సొంతంగా కట్టాల్సిన మొత్తం), ఆస్పత్రి దూరం మూడింటినీ కలిపి కొలవాలి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి భరించలేనిదైనా పాలసీ ఉన్న కుటుంబాన్ని బీమా ఉన్న కుటుంబంగా లెక్కవేయడం న్యాయం కాదు.