బండిలోని దీపము: సీసము మొదలు లిథియము వఱకు



రాత్రివేళ త్రోవపై నిలిచిన బండిలో వెలుగు దీపమునకు శక్తి యెచ్చటనుండి వచ్చును? ఆ శక్తిని దాచు పాత్ర కాలక్రమమున నెట్లు మాఱినది? సీసముతో చేసిన పాత బాటరీని తీసివైచి లిథియపు బాటరీని పెట్టుకొనుట మేలా? నా పూర్వశిష్యులు ఇటీవల నన్ను తఱచుగా నడుగుచున్న ప్రశ్న లివి. నేను భాషాపండితుడను, యంత్రశాస్త్రజ్ఞుడను గాను. కాని ముప్పదియేండ్లు పాఠము చెప్పినవాడు ఏ వస్తువునైనను దాని పుట్టుక మొదలుకొని చెప్పుటకు అలవాటుపడియుండును. ఈ విషయమున చరిత్ర తెలిసినచో చేయవలసిన పని తనంతట తానే తెలియవచ్చునని నా నమ్మకము.

మన శ్రీకాకుళ విజయనగర మండలములలో యాత్రకు బండి కట్టుట క్రొత్త యాచారము కాదు. రథసప్తమికి అరసవల్లికిని, శివరాత్రికి శ్రీముఖలింగమునకును, చందనోత్సవమునకు సింహాచలమునకును, సిరిమానోత్సవమునకు విజయనగరమునకును మన పూర్వులు గూడుబండ్లు కట్టుకొని సకుటుంబముగా పోయెడివారు. బియ్యము, పప్పు, చాప, ఎద్దులకు గడ్డి బండిలో నుండెను. ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడుచుండెను. అందు కిరసనాయిలు ఎంత మిగిలినదో బండివాడు లాంతరును చెవియొద్ద కదిపి తెలిసికొనెడివాడు. ఈ చిన్న సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

నేటి యాత్రికులలో కొందఱు కారు వెనుక తగిలించు వసతిబండిలోనో, పరుపులును పొయ్యియు అమర్చిన వ్యానులోనో బయలు వెడలుచున్నారు. అందు దీపము, పంకా, చిన్న శీతలపేటిక యుండును. పంకా యాగినచో చెమట పట్టును, అంతే. కాని ఆ శీతలపేటికలో మధుమేహరోగియగు ముసలితల్లికి కావలసిన ఇన్సులిను సీసా యున్నచో, బాటరీ మాట వేడుకమాట కాదు.

బాటరీ యనగా విద్యుత్తును నింపియుంచు గాదె యని స్థూలముగా చెప్పవచ్చును. గాదెలో ధాన్యము ధాన్యముగానే యుండును. బాటరీలో మాత్రము విద్యుత్తు రసాయనద్రవ్యముల మార్పుగా దాగియుండి, కావలసినపుడు మరల విద్యుత్తుగా వెలువడును. 1800లో ఇటలీదేశస్థుడగు వోల్టా వెండిబిళ్ళలను తుత్తునాగపు బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును మొట్టమొదట పుట్టించెను. అయితే అందలి ద్రవ్యము వ్యయమైన పిమ్మట దానిని మరల నింపుటకు వీలు లేకుండెను. 1859లో ఫ్రాన్సుదేశమున గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను చుట్టగా చుట్టి గంధకామ్లమున ముంచి, మరల మరల నింపదగిన బాటరీని నిర్మించెను. 1881లో అదే దేశమువాడగు కమిల్ ఫోర్ సీసపు పలకలపై సీసపు భస్మముల ముద్దను మెత్తి, అది యెక్కువ శక్తిని పట్టునట్లు చేసెను. నేటికిని మన లారీలలోను, ఇండ్లలోని ఇన్వర్టర్ల ప్రక్కను ఉండు నల్లని పెట్టెలు చాలవఱకు ఆ వంశమునకు చెందినవే.

చక్రములపై నడచు ఇంటికి ఈ గాదెను మొదట సమకూర్చినవారు రైలువారు. 1881లోనే లండనునుండి బ్రైటనుపట్టణమునకు పోవు ఒక పుల్‌మన్ బండిలో ఫోర్ బాటరీలతో విద్యుద్దీపములు వెలిగించిరి. ప్రయాణము ముగిసినంతనే బాటరీలను మరల నింపవలసివచ్చెడిది. ఈ శ్రమను తప్పించుటకు 1890 తరువాతి దశకమున లండనులోని స్టోన్ కంపెనీవారు ఒక యుక్తి పన్నిరి. బండి ఇరుసునకు తోలుపట్టా తగిలించి, దానితో పెట్టెక్రింద నొక డైనమోను త్రిప్పిరి. బండి పరుగెత్తునపుడు డైనమో దీపములను వెలిగించుచు బాటరీని నింపును. బండి నిలిచినపుడు బాటరీ దీపములను వెలిగించును.

ఇందొక చిక్కు కలదు. బండి వేగము పెరిగినకొలది డైనమో హద్దుమీఱి విద్యుత్తు నిచ్చును. అంత విద్యుత్తు వచ్చిపడినచో బాటరీయు దీపములును చెడును. అందువలన డైనమోను ఒక ప్రక్కకు ఒఱగునట్లు వ్రేలాడదీసి, వేగము హద్దు దాటగనే పట్టా జాఱిపోవునట్లు అమర్చిరి. బండి వెనుకకు నడచినపుడు విద్యుత్తు తలక్రిందుగా ప్రవహింపకుండుటకు మఱియొక ఏర్పాటు చేసిరి. బండి మెల్లగా నడచునపుడు బాటరీలోని శక్తి డైనమోలోనికి తిరిగి పాఱకుండ వేఱొక మీట పెట్టిరి. చూడుడు, గాదె యొక్కటే. దానికి కావలివాండ్రు ముగ్గురు! శక్తిని దాచుటకంటె, దానిని కొలతతో నింపి కొలతతో తీయుటయే కష్టమని రైలువారు నూటముప్పదియేండ్ల క్రిందటనే గుర్తించిరి.

మన తీరమున తూర్పుకోస్తా రైలుమార్గము 1893 మొదలు 1896 వఱకు భాగములుగా తెఱవబడెను. విజయనగరమునుండి రాయపూరునకు పోవు మార్గము 1931లో పూర్తియయ్యెను. పాత రైలుపెట్టెలలో ప్రయాణము చేసిన పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకముండును. బండి ఏ చిన్నస్టేషనులోనో చాలసేపు నిలిచిపోయినచో దీపములు ఎఱ్ఱబాఱి, మినుకుమినుకుమని, బండి కదిలి వేగ మందుకొనగనే మరల తెల్లబడుచుండెను. అది సీసపు బాటరీ స్వభావము. ఆకలి గొన్నపుడు అది ముందుగానే ముఖము వాడ్చి చెప్పును.

ఇచ్చట మన మండలపు మట్టిని గూర్చి ఒక మాట చెప్పకుండ ముందునకు పోజాలను. 1866లో ఫ్రెంచివాడగు లెక్లాంషే తుత్తునాగము, నవసాగరము, మాంగనీసు భస్మము అను మూటితో నొక ఘటమును చేసెను. 1886లో జర్మనీదేశపు గాస్నరు అందలి ద్రవమును ముద్దగా మార్చి, ఎటు త్రిప్పినను ఒలుకని పొడిఘటమును సిద్ధపఱచెను. మన టార్చిలైటులలోను ట్రాన్సిస్టరు రేడియోలలోను వేసికొన్న బాటరీలు ఈ జాతివే. ఆ మాంగనీసు మనకు పరాయిది కాదు. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము మొదలైనది చీపురుపల్లి ప్రాంతమందలి కోడూరు గనిలోనే, 1892 ప్రాంతమున. గరివిడి, గర్భాము మొదలగు చోట్ల గనులు వెలసెను. భూగర్భశాస్త్రజ్ఞుడగు ఫెర్మరు భారతదేశపు మాంగనీసు నిక్షేపములపై 1909లో బృహద్గ్రంథమును ప్రకటించెను. ఇచ్చటి యొక శిలకు ఆయన పెట్టిన పేరు కోడూరైటు. మన గనుల ఖనిజము ఉక్కు తయారీకే ప్రధానముగా పోయెను. ఘటములకు ఏఱికోరి తీసిన ప్రత్యేకపు రకము కావలెను. అయినను దీపమును దాచు విద్యలో మాంగనీసునకు గల స్థానమును మన పిల్లలకు చెప్పుట ధర్మము.

ఈ పొడిఘటములు ఒక్కసారి వాడి పాఱవేయవలసినవి. మా చిన్ననాట ఊరిలోనివారు అయిపోయిన వానిని ఎండలో పెట్టి, మఱికొన్ని నిమిషముల పలుకు రాబట్టుకొనుచుండుట నే నెఱుగుదును. దానితో బండిలోని కాపురము సాగదు గదా! అందుచే మొన్నమొన్నటివఱకు బండిలోని దీపమునకు సీసమే గతియయ్యెను. ఆ సీసమునకు గల పెద్దలోపము బరువు. సీసము నీటికంటె పదునొకండు రెట్లు మించి బరువైనది.

లిథియము లోహము లన్నిటిలో తేలికైనది. నీటి బరువులో సగముకంటె కొంచెమే యెక్కువ. 1817లో స్వీడనుదేశపు ఆర్ఫ్‌వెడ్సన్ ఉతో దీవిలో దొరకిన యొక ఱాతిని పరీక్షించుచు దీనిని కనుగొనెను. గ్రీకుభాషలో లిథోస్ అనగా ఱాయి. దానినుండియే యీ పేరు పుట్టినది. 1970 తరువాతి దశకమున విట్టింగ్‌హామ్ దీనితో మరల నింపదగిన బాటరీని చేసెను. కాని శుద్ధలిథియము మంటలు పుట్టించెను. 1980లో గుడెనఫ్ బృందమువారు కోబాల్టుతో కూడిన మేలైన పలకను కనుగొనిరి. 1985లో జపానుదేశపు యొషినో శుద్ధలోహమును విడిచి, కర్బనపు పొరలలో లిథియమును దాచి, అపాయమును చాల తగ్గించెను. 1991లో సోనీకంపెనీవారు దీనిని అంగడికి తెచ్చిరి. ఈ మువ్వురు శాస్త్రజ్ఞులకును 2019లో నోబెల్ బహుమానము లభించెను. నడుమ 1983లో థాకరే యను నాతడు గుడెనఫ్‌తో కలిసి మాంగనీసు భస్మముతోనే లిథియపు ఘటమునకు పలక చేయవచ్చునని చూపెను. కోడూరు గనులనాటి చుట్టము మరల ఇంటికి వచ్చినట్లయ్యెను.

అయితే బండిలోని కాపురమునకు నేడు విశేషముగా వాడబడుచున్నది మఱియొక రకము: లిథియపు ఇనుప ఫాస్ఫేటు. గుడెనఫ్‌తో కలిసి పాధి, నంజుండస్వామి అను పరిశోధకులు 1997లో దీనిని ప్రకటించిరి. కోబాల్టురకము పట్టినంత శక్తిని ఇది పట్టదు. కాని దానికంటె శాంతస్వభావము గలది, వేడికి త్వరగా చెలరేగదు. మనము పరుండు చోటనే యుండవలసిన వస్తువునకు శాంతమే ప్రథమగుణము.

ఇక లెక్క చూతము. 12 వోల్టుల, 100 ఆంపియరు గంటల సీసపు బాటరీ సుమారు 30 కిలోల బరువుండును. దాని ఆయువు నిలువవలెనన్న సగమునకు మించి తీయరాదు. తీసి అట్లే విడిచినచో పలకలపై గట్టిపొర కట్టి బాటరీ మూగవోవును. కనుక మనకు దక్కునది 600 వాటు గంటలు. అంతే కొలతగల లిథియపు ఫాస్ఫేటు బాటరీ 3.2 వోల్టుల ఘటములు నాలుగింటితో 12.8 వోల్టు లగును. బరువు 12 కిలోల ప్రాంతము. ఐదింట నాలుగుపాళ్ళు తీసినను 1,000 వాటు గంటలకు పైగా వచ్చును. 40 వాటుల పంకా మొదటిదానితో 15 గంటలు, రెండవదానితో 25 గంటలు తిరుగును. సీసము కొన్నివందల సార్లు నింపుటకు ఓర్చును. ఇది రెండువేలకు పైబడి ఓర్చును. వెల యెక్కువయైనను దీర్ఘకాలమున లాభమనుటకు కారణ మిదియే.

ఇంతవఱకు విని, పాతపెట్టె తీసి క్రొత్తపెట్టె పెట్టిన చాలునని తలపరాదు. మా ప్రాంతపు కుటుంబ మొకటి అట్లే చేసి యాత్రకు పోయెను. బాటరీ మార్చిన పనివాడు తక్కినదంతయు పాతదే యుంచెను. వోల్టులు చూపు ముల్లు పగలంతయు నిండుగానే చూపెను. నడిరేయి దీపము మినుకనైన మినుకక ఒక్కసారిగా ఆఱిపోయెను, శీతలపేటికయు ఆగెను. ఇన్సులిను సీసాను తడిగుడ్డ చుట్టి మట్టికుండలో నుంచి తెల్లవాఱువఱకు కాపాడుకొనిరి. ఇందు బాటరీ దోషము లేదు. లిథియము కడవఱకు దాదాపు ఒకే వోల్టును ఇచ్చును. సీసమువలె ముఖము వాడ్చి చెప్పదు. శక్తి యడుగంటినపుడు దానిలోని కావలియంత్రము ఘటములు చెడకుండ దారి మూసివేయును. కనుక లోపలికి పోయినదెంత, వెలికి వచ్చినదెంత అని లెక్కగట్టు మీటరు వేఱుగా కావలెను. లాంతరును చెవియొద్ద కదిపి చూచిన బండివాని తెలివి యిదియే.

రెండవది, నింపు యంత్రము. సీసము కొంత నిండిన పిమ్మట తనంతట తాను తక్కువ విద్యుత్తును పుచ్చుకొనును. లిథియము ఇచ్చినకొలది పుచ్చుకొనును. ఇంజనునకు తగిలించిన డైనమోను సూటిగా దీనికి కలిపినచో అది వేడెక్కి చెడవచ్చును. నడుమ ప్రవాహమును హద్దులో నుంచు ఛార్జరు నుంచవలెను. స్టోన్ కంపెనీవారి జాఱుడుపట్టా చేసిన పని దీని పని. ఇంటి విద్యుత్తుతో నింపు ఛార్జరును, సూర్యఫలకముల నియంత్రకమును లిథియమునకు తగినవిగా నుండవలెను. ఇంజనును లేపు బాటరీని మాత్రము సీసపుదానినే వేఱుగా ఉంచుకొనుట మేలు.

మూడవది, బాటరీకి దగ్గఱగా తగిన ఫ్యూజు, ప్రవాహమునకు తగిన లావుగల తీగలు. నాలుగవది, చోటు. మన వేసవిలో ఎండన నిలిచిన బండి రేకులపెట్టెలో వేడి మిక్కుటమగును. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి యెక్కించుట బాటరీకి మంచిది కాదు. నీడపట్టున గాలి యాడుచోట నుంచవలెను. కళింగపట్నము, భీమునిపట్నము వంటి తీరములకు పోవువారు ఉప్పుగాలికి కొనలు చిలుము పట్టకుండ చూచుకొనవలెను.

కడపటిది మిక్కిలి ముఖ్యము. తీసివేసిన సీసపు బాటరీని పెరటిలో పగులగొట్టకుడు. సీసము కఱగించువాండ్రకు గుట్టుగా అమ్మకుడు. సీసపు ధూళి పిల్లల మెదడునకు విషము. మట్టిలో కలిసినచో ఏండ్లతరబడి విడువదు. మన ప్రభుత్వము 2001లోను, మరల 2022లోను దీనికై నియమములు చేసినది. క్రొత్తది కొన్న అంగడిలోనే పాతది యిచ్చి వెలలో తగ్గింపు పొందుట న్యాయమైన మార్గము. లిథియపుదానిని సైతము చెత్తకుప్పపై వేయరాదు.

బాటరీ మార్చుటయనగా పెట్టె మార్చుట కాదు; నింపు తీరును, తీయు తీరును, కొలుచు తీరును మార్చుట. సొమ్ము చాలనిచో పూర్తిగా సమకూడువఱకు పాత సీసముతోనే కాలము గడుపుట, సగము పని చేయించుటకంటె మేలు. మీ పిల్లలు ఈ పనికి పూనుకొన్నపుడు వారిని ఒక్క ప్రశ్న అడుగుడు: “నాయనా, గాదె కొంటివి సరే, కావలివాండ్రను కుదిర్చితివా?”