కాలి వాపు: బోదకాలు వేరు, సిరల జబ్బు వేరు



మా ముడిమ్యాలలోనూ, చుట్టుపక్కల చేవెళ్ల, మొయినాబాద్ గ్రామాలలోనూ కాలు వాచిందంటే వినబడేవి రెండే మాటలు. ఒకటి "బోదకాలు", రెండవది "నరాలు ఉబ్బినయి". ఈ రెంటినీ వేరుచేసి తెలుసుకొనడానికి వైద్యులకు ఎంత కాలం పట్టిందో ఈ ప్రత్యేక సంచికకు వ్రాయదలచాను.

సుశ్రుత సంహితలో బోదకాలును శ్లీపదమనీ, రక్తనాళపు ముడిని సిరాగ్రంథి అనీ విడివిడిగా చెప్పారు. పాత నీరు నిలిచే చల్లని ప్రదేశాలలో శ్లీపదం ఎక్కువని కూడా అందులో ఉన్నది. దోమ సంగతి మాత్రం చాలా కాలానికి తేలింది. 1872లో కలకత్తాలో లూయిస్ అనే వైద్యుడు మనిషి రక్తంలో ఈ సన్నని పురుగులను చూశాడు. అవి దోమలో పెరుగుతాయని 1877లో చైనాలో మాన్సన్ కనుగొన్నాడు. ఆ మాన్సన్ ప్రోత్సాహంతోనే రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులో మలేరియా క్రిమిని దోమ కడుపులో పట్టుకున్నాడు.

ఇక రెండవది. మన వాడుకలో మెదడు నుండి వచ్చేదీ నరమే, చేతిమీద నీలంగా కనబడేదీ నరమే. నిజానికి ఆ నీలిది సిర. చెడు రక్తాన్ని గుండెకు చేర్చే గొట్టం. సిరల లోపల చిన్న తలుపులున్నవని 1603లో ఇటలీలోని పాదువా ఆచార్యుడు ఫాబ్రీషియస్ బొమ్మలతో ప్రకటించాడు. అవి రక్తాన్ని గుండెవైపుకే పోనిస్తాయని ఆయన శిష్యుడు హార్వే 1628లో నిరూపించాడు.

మన రైతులకు ఇది సులభంగా తెలుస్తుంది. బావి మోటారు ఫుట్‌వాల్వు పాడైతే పైపులో నీళ్లు మళ్లీ బావిలోకి జారిపోతాయి. కాలిలో పిక్క కండరమే మోటారు. తలుపులు వదులైతే రక్తం కిందనే నిలిచి, సిర మెలికలు తిరిగి, నీరు ఊరి మడమ దగ్గర వాపు వస్తుంది. అశ్రద్ధ చేస్తే చర్మం నల్లబడి, మానని పుండు పడుతుంది. గంటల తరబడి నిలబడే కండక్టర్లు, పోలీసులు, ఉపాధ్యాయులు, కుర్చీలో కాళ్లు వేలాడదీసి ఫైళ్లు వ్రాసిన మాబోటి గుమాస్తాలు దీనికి ఎక్కువగా గురవుతారు.

1890 ప్రాంతంలో జర్మనీ వైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ చెడిన సిరను కట్టివేసే శస్త్రచికిత్స చేశాడు. 1950 ప్రాంతంలో అమెరికా ఇంజనీరు జాబ్స్ట్, తానే ఈ జబ్బుతో బాధపడుతూ, ఈతకొలనులో నిలబడితే నీటి ఒత్తిడికి హాయిగా ఉండడం గమనించి, బిగుతు మేజోళ్లు తయారుచేశాడు. ఇప్పుడు లేజరు చికిత్స కూడా ఉన్నది.

పేరు తెలిస్తే ఏమి లాభమంటారా? బోదకాలు మాత్రలు సిరను బాగుచేయవు. 2018లో మన రాష్ట్రంలో బోదకాలు బాధితులకు పింఛను మొదలైంది. దానికీ సరియైన నిర్ధారణే ఆధారం.

రెండు కాళ్లూ వాస్తే గుండె, మూత్రపిండాలు, వాడుతున్న బి.పి. మాత్రలు కూడా కారణం కావచ్చును. ఒకే కాలు హఠాత్తుగా వాచి నొప్పి పుడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవారు డాక్టరును అడగకుండా బిగుతు మేజోళ్లు తొడగరాదు. మిగతావారమంతా రోజూ నడుద్దాం. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకుందాం. వాపును ముసలితనం ఖాతాలో మాత్రం వ్రాయవద్దని మనవి.